బొగ్గు గ్యాసూ, పొర దాటే మెథనాలూ

గోదావరిఖనిలో బొగ్గు బావి దిగే కార్మికుడికి కార్బన్ మోనాక్సైడ్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రంగూ వాసనా లేని విషం. అయితే పక్కనే రామగుండంలో ఆ గ్యాసు చేత పని చేయించుకున్నారు. అక్కడి ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో బొగ్గును కార్బన్ మోనాక్సైడ్ ఉండే గ్యాసుగా మార్చి యూరియా చేయడం మొదలుపెట్టి, 1999లో మూతపడింది. ఇప్పుడక్కడున్న ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల కర్మాగారం సహజవాయువుతో నడుస్తోంది.

ఆ బొగ్గు గ్యాసునే ఇంకో దారి పట్టిస్తే మెథనాల్ వస్తుంది. బూడిద ఎక్కువుండే మన బొగ్గుతోనే హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్ రోజుకు పావు టన్ను తీసి చూపింది. ఆ ప్లాంటును 2022 జనవరిలో జాతికి అంకితం చేశారు.

మెథనాల్‌ను మండించకుండా కరెంటు తీసేది డైరెక్ట్ మెథనాల్ ఫ్యూయల్ సెల్. 1990ల మొదట్లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి దీన్ని ఒక దారికి తెచ్చాయి. ఆ బృందంలో రసాయన శాస్త్రవేత్త జార్జ్ ఓలాతో పాటు మన పొరుగు బెంగళూరు నుంచి వెళ్లిన సూర్యప్రకాశ్ కూడా ఉన్నారు. యానోడ్ దగ్గర ఒక్కో మెథనాల్ అణువు విరిగి ఆరు ఎలక్ట్రాన్లిస్తుంది. విరిగే క్రమంలో మళ్లీ ఆ మోనాక్సైడే పుట్టి, మన రక్తాన్ని పట్టినట్టే ప్లాటినాన్నీ పట్టేస్తుంది. దాన్ని వదిలించడానికే రుథేనియం కలుపుతారు.

అసలు దొంగ మాత్రం వేరే. యానోడ్‌కూ కాథోడ్‌కూ మధ్యలోని నాఫియాన్ అనే పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. తడిగా ఉంటేనే అది ప్రోటాన్లను పోనిస్తుంది. నీళ్లలో ఇట్టే కలిసే మెథనాల్ ఆ తడిలోనే జారుకుని, అవతలి కాథోడ్ దగ్గర ఊరికే ఖర్చయిపోతూ వోల్టేజీని పడగొడుతుంది. లెక్క ప్రకారం 1.2 వోల్టులు రావాలి, పనిలో పెడితే సగం కూడా దక్కదు.

లోపల ఎక్కడెంత జారుతోందో చూడలేం కాబట్టి గణిత నమూనాలు కడతారు. చిక్కదనం తేడా వల్ల కొంత దాటుతుంది, ప్రోటాన్లు ఈడ్చుకుపోయే నీటితో కొంత. యానోడ్‌లో కార్బన్ డయాక్సైడ్ బుడగలు దారి మూస్తాయి, కాథోడ్‌లో నీరు నిలిచి గాలిని ఆపుతుంది. బావిలో ఏ గ్యాలరీకి ఎంత గాలి పంపాలి, ఏ మూల నీళ్లు తోడాలి అని వేసే లెక్కలాంటిదే ఇదీ, కాకపోతే వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల్లో. ఆ లెక్కల్లో ఒక తమాషా ఉంది: కరెంటు ఎక్కువ లాగితే దొంగతనం తగ్గుతుంది. పొరను చేరకముందే యానోడ్ మెథనాల్‌ను తినేస్తుంది మరి! పొరదాకా మిగలకుండా ఉండాలనే సాధారణంగా సెల్‌కు నూటికి మూడు పాళ్లంత పలచటి ద్రావణమే ఇస్తారు.

ఈ సెల్‌తో ఓపెన్‌కాస్టు గనుల డంపర్లు నడుస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి పొర దొరికేదాకా ఇది చిన్న పరికరాలకే. పైగా బొగ్గు మెథనాల్‌ను శుభ్రమైన ఇంధనం అనడానికీ లేదు: సెల్ దాకా రాకముందే, గ్యాసు తయారీలోనే బోలెడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.