మందు కలిపే చేతులు

పత్తి చేలో మందు కొట్టేది మగవాడు. రైతు ఆరోగ్యం ఎలా ఉందని అడగడానికి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అతన్నే అడిగి వెళ్లారు. నీళ్లు మోసి, బకెట్లో మందు కలిపి, డబ్బా ఖాళీ అయినప్పుడల్లా నింపే ఆడమనిషి వాళ్ల కంటికి ఆనలేదు.

2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పరిశోధకురాలు ఫ్రాన్సెస్కా మాన్చిని బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి పల్లెల్లో ఆమెనే అడిగింది. తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ మందు తగిలాక ఏమైందో యాభైమంది మహిళలు చెప్పారు. 323 సందర్భాలు లెక్కకొచ్చాయి. 83.6 శాతంలో విషప్రభావ లక్షణాలున్నాయి. కొట్టడం ఎంత ప్రమాదమో, కలపడమూ అంతేనని తేలింది. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లలో భూస్వాములకన్నా పేద రైతులే ఎక్కువ. ఆరు శాతం సార్లు విషప్రభావం చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరూ ఆస్పత్రి గడప తొక్కలేదు. నన్ను నిలబెట్టేసింది ఈ ఒక్క సంగతే. ఆస్పత్రి రిజిస్టరు చూసి రాసే నివేదికల్లో వీళ్ల ఊసే ఉండదు కదా!

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో ఈ చూపు లోపం పాతదే. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. పైరిత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పు పెరిగింది. రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. 2004లో జీవో 421 ద్వారా చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర సాయం ప్రకటించారు. కానీ ముందు అతను రైతేనని రుజువు కావాలి. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. పాస్‌బుక్కు ఆసామి పేరున, ప్రామిసరీ నోటు వడ్డీవ్యాపారి పెట్టెలో ఉంటాయి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ఇచ్చే కార్డుకూ ఆసామి సంతకం పెట్టాలి, భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. భర్త పోయిన మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆయన ఎందుకు చనిపోయాడో మళ్లీ మళ్లీ చెప్పాలి. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని ఆమెను అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు.

2021లో నల్లతామర పురుగు మిరప పూతను తినేసినప్పుడూ ఎకరాకు ఎంత నష్టమని అడిగారు. నష్టపోయిన మనిషి సంగతి అడిగినవాళ్లు తక్కువ.

ఇక సుగ్గికి, అంటే కోతల వలసకు వచ్చే జనం. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పిల్లాజెల్లాతో మిరప కోతలకొచ్చి చేల పక్కన గుడారాలేసుకుంటారు. చేతులు రాత్రంతా మండుతాయి. ఊళ్లో ఆశా కార్యకర్త జాబితాలో వీళ్ల పేర్లుండవు, సొంతూరి జాబితాలో ఉన్నా మనుషులు అక్కడ లేరు. బాలింత అయినా, బడి మానేసిన పిల్ల అయినా వలసలో ఉన్నన్నాళ్లూ ఎవరి లెక్కలోకీ రారు.

2022 అక్టోబరు నుంచి మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి ఏర్పాటు. అయితే ఫోను భర్త జేబులో ఉండే ఇంట్లో ఆమె ఎలా చేస్తుంది? ఆమె దగ్గరికే వెళ్లి అడగాలి. కానీ ప్రశ్నావళి పట్టుకుని పగటిపూట ఊళ్లోకెళితే అరుగు మీద దొరికేది ఆసాములే. కోతల కాలంలో, పొయ్యి రాజుకునే వేళకు, ఆడవాళ్లే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాలి. గుడారాలతో మొదలుపెట్టి, కౌలు ఇళ్లు చూసుకుని, చివర్లో అరుగు దగ్గరికి రావాలి. కూలి పోకుండా మాట్లాడే వీలుండాలి. మందు తగిలిన రోజు ఏం చేశావమ్మా అన్నది మొదటి ప్రశ్న కావాలి.