శిక్ష కాదు, శిక్షణ

ఆదివారం సూరత్ దగ్గరి డుమస్ బీచ్‌లో తోటివారితో చక్కగా ఆడుకున్న పిల్లవాడే, సోమవారం తరగతిలో పక్కవాడి మీద చెయ్యి చేసుకోవచ్చు. ఒక్క రోజులో గుణం మారదు. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి.

కొట్లాట, ఎదురుతిరగడం, అబద్ధాలు పిల్లలందరిలోనూ అప్పుడప్పుడు కనిపిస్తాయి. అవే నెలల తరబడి కొనసాగి చదువుకూ స్నేహాలకూ అడ్డుపడితే వాటిని ప్రవర్తనా సమస్యలుగా పరిగణిస్తారు.

ఇవి ఎలా ముదురుతాయి? హోంవర్క్ చేయనని పిల్లవాడు గొడవ చేస్తాడు. పెద్దలు కసురుకుని, చివరికి విసిగి వదిలేస్తారు. గొడవ చేస్తే పని తప్పుతుందని వాడికీ, వదిలేస్తే గోల ఆగుతుందని పెద్దలకూ అలవాటవుతుంది. ఈ వలయాన్ని అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ వివరించారు. అందుకే శిక్షణ పెద్దలతోనే మొదలవుతుంది: మంచి పనిని వెంటనే గుర్తించి మెచ్చుకోవడం, సూచన క్లుప్తంగా ఇవ్వడం, చెప్పిన మాట మీద నిలబడటం.

తరగతి గదికి 'మంచి ప్రవర్తన ఆట' ఉంది. 1969లో అమెరికాలో వెలుగుచూసిన ఈ పద్ధతిలో పిల్లలు జట్లుగా ఆడతారు. నియమం తప్పితే జట్టుకు ఒక గుర్తు పడుతుంది. గుర్తులు పరిమితి దాటని జట్లన్నీ గెలుస్తాయి. 1980లలో బాల్టిమోర్‌లో ఒకటో తరగతిలో ఈ ఆట ఆడిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు బాగా దుడుకుగా ఉన్న అబ్బాయిల్లో మత్తు వ్యసనాలు, ఆట ఆడనివారితో పోలిస్తే తక్కువగా కనిపించాయి.

మన దేశంలో బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో 'సెహర్' అధ్యయనం జరిగింది. గోడ పత్రిక, పిల్లలు తమ బాధలు రాసి వేసే పెట్టె, బృంద చర్చలు, వ్యక్తిగత సలహా ఇందులో భాగాలు. కొన్ని బడుల్లో శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు, మరికొన్నింటిలో ఉపాధ్యాయులు ఈ కార్యక్రమాన్ని నడిపారు. 2018లో 'లాన్సెట్' ప్రచురించిన ఫలితాల ప్రకారం, సలహాదారులున్న చోట వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పద్ధతి మంచిదైతే చాలదు, దానికి సమయం పెట్టగల మనిషి కూడా కావాలి.

తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వెళ్లిన కుటుంబాలున్న సూరత్‌లో నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలూ నడుపుతోంది. అలాంటి బడులకు మరో అవసరం ఉంది. కోపం వచ్చినప్పుడు పిల్లల నోట ఇంటి భాషే వస్తుంది. ఆ కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పే మనిషికీ ఆ భాష తెలియాలి.

విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బెత్తం వదిలేశాక ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం ఈ శిక్షణలోనే ఉంది.