నీటిలో న్యూట్రాన్ నడక

మన బనగానపల్లె నాపరాతికి తగిలిన గోలీ వెనుకకు దుముకుతుంది; సాటి గోలీకి సూటిగా తగిలినదో, తన వేగమంతా దానికిచ్చి నిలిచిపోతుంది. న్యూట్రానుకు అట్టి సాటి గోలీ హైడ్రోజన్ కేంద్రకం. అందుచేతనే నీటిలో సగటున 18 తాకిడులతో దాని వేగం అణగిపోతుంది. ఈ మందగతి న్యూట్రానుల మహిమను 1934లో రోమ్ నగరంలో ఫెర్మీ బృందం కనుగొన్నది.

కంటికి కానరాని ఈ నడకను మనం కొలిచేదెట్లు? నీటితొట్టి నడుమ న్యూట్రానులను వెలువరించే పదార్థాన్ని ఉంచి, వేర్వేరు దూరాలలో కాడ్మియం తొడిగిన ఇండియం రేకులను అమర్చుతాము. పూర్తిగా మందగించిన న్యూట్రానులను కాడ్మియం అడ్డగిస్తుంది; ఇంకను మందగిస్తున్నవి ఇండియమును చేరి దానికి రేడియోధార్మికత కల్పిస్తాయి. సుమారు 54 నిమిషాలకు సగమయ్యే ఆ ధార్మికతను లెక్కిస్తే, అవి ఎంత దూరం వచ్చినవో తేలుతుంది. తొడుగు లేని రేకులతో కూడ కొలిచి పోల్చిన, మందగించిన పిదప వాటి వ్యాప్తి తెలుస్తుంది.

ఆ వ్యాప్తికి కొలతయైన దైర్ఘ్యం మామూలు నీటిలో 3 సెంటీమీటర్లకు లోపే. భారజలంలో మీటరును మించుతుంది. కారణమేమి? మామూలు హైడ్రోజన్ న్యూట్రానును మందగింపజేయుటయే గాక మ్రింగివేస్తుంది కూడ. భారజలం మ్రింగుట బహుస్వల్పం. కనుకనే సహజ యురేనియంతో నడిచే రియాక్టరుకు మామూలు నీరు చాలదు. గోదావరి తీరాన మణుగూరులో ఇంత శ్రమకోర్చి భారజలాన్ని వేరుచేయుటలోని అంతరార్థం ఈ చిన్న కొలతలోనే ఉన్నది.