పెద్ద పెట్టెలు పోయినా పాట పోకూడదు

పాట మన యిళ్ళలోకి ఎన్ని వేషాలతో వచ్చినదో తలచుకుంటే వింతగా ఉంటుంది. మొదట కీ ఇచ్చి త్రిప్పే గ్రామఫోను వచ్చినది. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైనది. పిమ్మట లాంగ్ ప్లే రికార్డులు, 1963లో ఫిలిప్స్ వారు బయటపెట్టిన కాసెట్టు, 1982లో కాంపాక్టు డిస్కు, నేడు చేతిలో సెల్ ఫోను. పాతది వెళ్ళిపోకముందే కొత్తది వచ్చి ప్రక్కన కూర్చున్నది. కాబట్టే కాస్త సంగీతాభిరుచి గల కుటుంబాలలో హాలులో ఒక గోడంతా యంత్రాలతో నిండిపోయినది.

ఇల్లు పెద్దదిగా ఉన్నన్నాళ్ళు ఇది చిక్కు కాదు. అన్నదమ్ముల వాటాలు తేలి, పిల్లల చదువుల కోసమో ఉద్యోగం కోసమో పట్నంలో రెండు గదుల పోర్షనుకు మారినప్పుడు చిక్కు వస్తుంది. మాకూ అదే వచ్చినది. పూండిలో, చెరువు గట్టుకు కూతవేటు దూరంలో ఉన్న పాత ఇంటి నుండి తిరువళ్ళూరులో చిన్న వాటాకు మారవలసి వచ్చినప్పుడు, సామాన్ల జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ వాదం జరిగినది ఈ పాటల పెట్టెల మీదనే. నడుమెత్తు స్పీకర్లు రెండు, నూరు వాట్ల ఆంప్లిఫైయరు, ఈక్వలైజరు, రికార్డు ప్లేయరు, కాసెట్టు డెక్కు, సి.డి. ప్లేయరు, వీటికి తోడు రికార్డులూ కాసెట్లూ. “అన్నీ తూకానికి వేసేస్తే పోతుంది” అన్నారు పిల్లలు. మా పెద్దత్తయ్యగారు మాత్రం, “పాట వినబడకపోతే వీళ్ళకు మంగళహారతి అనే మాటే తెలియకుండా పోతుంది నాయనా” అన్నారు.

ఆ మాటలో నిజమున్నది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరినది. తిరువళ్ళూరు వైపు తెలుగు కుటుంబాలు అంతకు ఎంతో ముందు నుండీ ఉన్నవి. మన పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చక్కగా చదువుకొంటున్నారు, సంతోషమే. తెలుగు అక్షరం పట్టి చదవగలవారు మాత్రం తక్కువ. వారికి తెలుగు చేరేది చెవి ద్వారానే. కాబట్టి హాలులో మ్రోగే యంత్రాన్ని ఒట్టి విలాస వస్తువుగా లెక్క కట్టరాదు.

మేము మొదట చేసిన పని, ఒక నెలపాటు ఇంట్లో ఏవి వింటున్నామో కాగితం మీద వ్రాసిపెట్టడం. తెల్లవారుజామున సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, శనివారం ఘంటసాల వారి భగవద్గీత. ఇవి రికార్డుల మీద ఉన్నవి. పండుగలకు, ఇంట్లోనే మైకు పెట్టి కాసెట్టులో పట్టిన మా అవ్వగారి హారతి పాటలు. సి.డి.లలో ఉన్న సినిమా పాటలన్నీ సెల్ ఫోనులోనే దొరుకుతున్నవి. విజయవాడ, హైదరాబాదు ఆకాశవాణి కార్యక్రమాలు కూడా అందులోనే వినవచ్చును. ఈక్వలైజరు జోలికి ఆ నెలలో ఎవ్వరూ పోలేదు. ఏది ఉండవలెనో ఏది పోవలెనో ఆ కాగితమే తేల్చినది.

ఇక వాట్ల సంగతి. చిన్న గదిలో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలును. శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం 3 డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. అందుచేత నూరు వాట్ల యంత్రాన్ని అమ్మి ముప్ఫై వాట్లది కొన్నందువల్ల నష్టం లేదు. స్పీకరు వివరాలలో డెసిబెల్లు ఎన్నో చూసుకోవాలి. 85 ఉన్నదానికి అయ్యే శక్తిలో సగమే 88 ఉన్నదానికి చాలును. ఆంప్లిఫైయరు మీద వ్రాసినదానికన్నా తక్కువ ఓముల స్పీకర్లు తగిలించకూడదు.

పెద్ద స్పీకర్లు చిన్న గదిలో గుంయిమని మంద్రస్వరాలను ముద్ద చేస్తవి. చిన్నవి గోడకు దగ్గరగా పెడితే వాటి కొరతను గోడ కొంత తీరుస్తుంది. పై స్వరాల చిన్న స్పీకరు మన చెవి ఎత్తున ఉండాలి. రెంటి నడుమ దూరమూ, వాటికీ మనకూ ఉన్న దూరమూ ఇంచుమించు సమానంగా ఉంటే పాట చక్కగా కుదురుకొంటుంది. దీనికి కాణీ ఖర్చు లేదు.

రికార్డు ప్లేయరు ఉన్నవారు ఒకటి గమనించాలి. దాని ముల్లు నుండి వచ్చే విద్యుత్తు నాలుగైదు మిల్లీవోల్టులే. పైగా రికార్డులో మంద్రస్వరాలు తగ్గించి, తారస్వరాలు పెంచి చెక్కుతారు. దానిని తిరిగి సరిచేసే ఫోనో ప్రీఆంప్లిఫైయరు నేటి చిన్న ఆంప్లిఫైయర్లలో చాలావాటికి ఉండదు. విడిగా కొనాలి. 78 చుట్ల ప్లేట్ల గాడి వెడల్పు, వాటికి ముల్లు వేరు. లాంగ్ ప్లే ముల్లుతో వాటిని వాయించరాదు.

కాసెట్టు డెక్కును మేము వెంటనే అమ్మలేదు. రబ్బరు బెల్టులు మార్పించి, తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, అవ్వగారి కాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాము. కాంపాక్టు డిస్కు నాణ్యతలో గంట ధ్వనికి సుమారు 635 మెగాబైట్లు పడుతుంది. అంటే 64 గిగాబైట్ల పెన్ డ్రైవులో నూరు గంటలు ఇముడుతుంది. రెండు ప్రతులు తీసి ఒకటి తమ్ముడి ఇంట ఉంచాము. బజారు పాట పోతే మళ్ళీ కొనవచ్చును; ఇంటివారి గొంతు పోతే ఎక్కడా దొరకదు.

లోకల్ రైలులో సెంట్రలుకు వెళ్ళి, రిచీ వీధిలో రెండుసార్లు తిరిగితే పని ముగిసినది. చిన్న ఆంప్లిఫైయరు 5,500 రూపాయలు, ఫోనో పెట్టె 2,000, వాడిన చిన్న స్పీకర్ల జత 7,000, డెక్కు మరమ్మతు 900, మొత్తం 15,400. పెద్ద స్పీకర్లు, ఆంప్లిఫైయరు, ఈక్వలైజరు, సి.డి. ప్లేయరు కలిపి అమ్మగా 6,000 వచ్చినది. చేతి నుండి పడినది 9,400. గోడంతా ఆక్రమించినవి ఇప్పుడు ఒక చిన్న బల్ల మీద సర్దుకొన్నవి. సెల్ ఫోను కూడా తీగ లేకుండానే ఆ ఆంప్లిఫైయరుకు కలుస్తుంది.

ఇల్లు మారబోయే పాఠకులకు మా మనవి ఇది. అటక మీది కాసెట్లను ముందు దించండి. ఎవరి గొంతు ఎందులో ఉన్నదో పెద్దవారు ఉండగానే అడిగి, అట్ట మీద పేరూ సంవత్సరమూ వ్రాయండి. రికార్డులను ఎండ తగలని చోట, ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా నిలబెట్టండి. ఆ తరువాతనే అమ్మవలసినవాటికి బేరం మాట్లాడండి.