తొలి పిస్టల్ కొంటున్నారా? లైసెన్స్ దేనికి కావాలి.. దేన్ని ఎంచుకోవాలి?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ మూడు ఈవెంట్లలో పోటీపడ్డారు. రెండింటిలో కాంస్య పతకాలు గెలిచారు, మూడోదానిలో నాలుగో స్థానంలో నిలిచారు. టీవీలో చూసేవారికి అన్నీ పిస్టళ్లే. మన చట్టానికి మాత్రం పతకాలు తెచ్చిన పిస్టల్ వేరు, నాలుగో స్థానం దక్కిన పిస్టల్ వేరు. మొదటిది గాలి ఒత్తిడితో పనిచేసే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్. ఆ తరహా పిస్టల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. రెండోది తూటా పేల్చే పాయింట్ 22 పిస్టల్. దాన్ని లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే 2 నుంచి 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడొచ్చు.

పిల్లలను షూటింగ్‌లో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు, ఉద్యోగం చేస్తూ కొత్తగా గురి నేర్చుకోవాలనుకునేవారు ముందు ఈ తేడా తెలుసుకోవాలి. ఆ తర్వాతే ఏ మోడల్, ఎంత ధర అన్న ప్రశ్నలు.

చట్టం ఎక్కడ గీత గీసింది?

మన దేశంలో తుపాకులకు వర్తించేవి 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు. ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ విషయంలో రెండు కొలతలు చూస్తారు. గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు (0.177 అంగుళం) దాటకూడదు. గుండు బయటికి వచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌళ్లు మించకూడదు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావాల్సిందే.

పోటీలకు వాడే ఎయిర్ పిస్టల్ ఈ పరిమితికి చాలా లోపలే ఉంటుంది. అరగ్రాము బరువుండే పెల్లెట్ సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. లెక్క కడితే దాని శక్తి 6 జౌళ్లలోపే. అంటే 'ఎక్కువ పవర్' అని ప్రచారం చేసే మోడళ్లతో గురి నేర్చుకునేవారికి ఒరిగేదేమీ లేదు. స్ప్రింగు మార్పించి శక్తి పెంచుకుంటే, లైసెన్స్ అక్కర్లేని వస్తువు కాస్తా లైసెన్స్ కావాల్సిన ఆయుధంగా మారే ప్రమాదం కూడా ఉంది.

మొదటిది ఎయిర్ పిస్టలే ఎందుకు?

లైసెన్స్ బెడద లేకపోవడం ఒక కారణం మాత్రమే. అసలు కారణం శిక్షణ. పాయింట్ 22 పేలినప్పుడు శబ్దం, చేతికి తగిలే కుదుపు ఉంటాయి. కొత్తవారు ఆ శబ్దాన్ని ముందే ఊహించి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చేతిని బిగిస్తారు. గురి అక్కడే తప్పుతుంది. ఎయిర్ పిస్టల్‌లో ఆ కుదుపు దాదాపు ఉండదు కాబట్టి తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసిపోతుంది. పైగా 10 మీటర్ల దూరం చాలు. పెల్లెట్ల ఖర్చు కూడా తూటాలతో పోలిస్తే తక్కువ.

తేలిక ఆట అనుకోకండి. 10 మీటర్ల దూరంలో ఉండే లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒంటి చేత్తో నిలబడి, 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని కొట్టడానికి ప్రయత్నించాలి.

కొనే ముందు రేంజ్‌కు వెళ్లండి

మొదటి రోజే పిస్టల్ కొనాల్సిన పని లేదు. చాలా క్లబ్బులు, అకాడమీల్లో శిక్షణ కోసం వారి పిస్టళ్లే ఇస్తారు. కనీసం రెండు మూడు నెలలు వాటితో సాధన చేస్తే మూడు విషయాలు తేలిపోతాయి: ఈ ఆటపై ఆసక్తి నిలుస్తుందా, మీ చేతికి ఏ సైజు గ్రిప్ నప్పుతుంది, ఎంత బరువు మోయగలరు. ఈ మూడూ తెలియకుండా కొంటే లక్ష రూపాయలు పైబడిన వస్తువు అల్మారాకే పరిమితం కావచ్చు.

క్లబ్ ఎంచుకునేటప్పుడు అది రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధంగా ఉందో లేదో అడగండి. రాష్ట్ర అసోసియేషన్లు జాతీయ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏఐ) పరిధిలో పనిచేస్తాయి. రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లే దారి అదే. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్‌లోనూ, 25 మీటర్ల పిస్టల్‌లోనూ పతకాలు గెలిచారు. రెండు రకాల పిస్టళ్లలోనూ రాణించవచ్చు, కానీ మొదలు మాత్రం 10 మీటర్ల దగ్గరే.

షాపులో ఏం చూడాలి?

గ్రిప్: అన్నిటికంటే ముఖ్యం ఇదే. పోటీ పిస్టళ్లకు చెక్క గ్రిప్‌లు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడి, ఎడమ చేతులకు విడివిడిగా వస్తాయి. కళ్లు మూసుకుని పిస్టల్ పట్టుకుని చెయ్యి చాచండి. కళ్లు తెరిచేసరికి ముందు, వెనుక సైట్లు ఒకే వరుసలో కనిపిస్తే అది మీ చేతికి సరిపోయినట్టు. పక్కకు తిరిగి ఉంటే గ్రిప్ మార్చాలి లేదా సర్దాలి.

ట్రిగ్గర్: అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును తట్టుకోవాలి. పోటీకి ముందు బరువు వేలాడదీసి పరీక్షిస్తారు. ట్రిగ్గర్ స్థానాన్ని మీ వేలికి తగ్గట్టు ముందుకు, వెనక్కు జరుపుకునే వీలుండాలి.

బరువు: నిబంధనల ప్రకారం 1,500 గ్రాములు మించకూడదు. చాలా పోటీ పిస్టళ్లు కిలోకు అటూ ఇటూగా ఉంటాయి. చిన్న వయసు పిల్లలకు అది కూడా ఎక్కువే. వారికి తేలికైన, పొట్టి మోడళ్లు దొరుకుతాయి. బరువు మోయలేక భుజం వంచి కాల్చడం అలవాటైతే తర్వాత సరిదిద్దడం కష్టం.

గాలి విధానం: ముందే నింపిన సిలిండర్‌తో పనిచేసేవి (పీసీపీ) పోటీలకు అనువైనవి. ప్రతి షాట్‌కు దాదాపు ఒకే వేగం ఇస్తాయి. గాలి నింపే సదుపాయం మీ రేంజ్‌లో ఉందో లేదో చూసుకోండి. కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసేవాటిలో వేడిని బట్టి ఒత్తిడి మారుతుంది, మన వేసవిలో ఆ తేడా తెలుస్తుంది. ఒకసారి చేత్తో గాలి బిగిస్తే ఒక షాట్ వచ్చే రకం చవక, సాధనకు పర్వాలేదు. కానీ 60 షాట్లూ అలా బిగిస్తూ ఉంటే చెయ్యి అలసిపోతుంది.

సైట్లు: పోటీల్లో టెలిస్కోప్, లేజర్ అనుమతించరు. మామూలు ఓపెన్ సైట్లే ఉండాలి.

సినిమాల్లో కనిపించే తుపాకుల నమూనాలో వచ్చే ఎయిర్ పిస్టళ్లను తొలి పిస్టల్‌గా కొనొద్దు. వాటిలో చాలావరకు ఉక్కు గుళ్లు వాడతారు, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, గురి నిలకడగా ఉండదు. పైగా అసలు తుపాకీలా కనిపిస్తుంది కాబట్టి బయట ఎవరి కంటనైనా పడితే పోలీసుల దాకా వెళ్తుంది.

సర్వీసు, సెకండ్ హ్యాండ్

టోక్యో ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. మరమ్మతుకే విలువైన నిమిషాలు పోయాయి, ఆమె ఫైనల్ చేరలేకపోయారు. అందుకే ఏ బ్రాండ్ అని అడిగే ముందు, మీ ఊళ్లో దాన్ని బాగుచేసేవారు ఉన్నారా, సీళ్లు, విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి. మీ కోచ్‌కు అలవాటున్న మోడల్ అయితే ఇంకా మంచిది.

తక్కువ ధరకు సీనియర్ల దగ్గర పాత పిస్టల్ దొరికితే మంచి బేరమే. అయితే గాలి సిలిండర్‌పై తయారీ తేదీ చూడండి. చాలా కంపెనీలు వాటికి 10 సంవత్సరాల గడువు పెడతాయి. గడువు దాటితే కొత్త సిలిండర్ ఖర్చు కూడా బేరంలో కలిపి లెక్కేసుకోవాలి.

కొత్తదైనా పాతదైనా బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. అందులో మోడల్, సీరియల్ నంబర్, గొట్టం కొలత ఉండాలి. పిల్లల కోసమైతే పెద్దల పేరుతోనే కొనండి. విదేశాల్లోని బంధువులతో తెప్పించుకోవాలనుకుంటే ముందు అసోసియేషన్‌ను సంప్రదించండి. అనుమతి లేకుండా వస్తే కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది.

పాయింట్ 22కు మారాలంటే?

సాధారణంగా కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనర్, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్ లైసెన్స్ ఇచ్చే అధికారి. దరఖాస్తు కేంద్ర హోం శాఖ 'ఎన్‌డాల్-ఎలిస్' పోర్టల్‌లో చేసుకోవాలి. 21 సంవత్సరాలు నిండాలి. అంతకంటే చిన్నవారు నిబంధనల మేరకు శిక్షణలో, పర్యవేక్షణలో మాత్రమే కాల్చవచ్చు. స్థానిక పోలీసుల విచారణ ఉంటుంది. సురక్షితంగా వాడటంలో శిక్షణ, ఆరోగ్య ధ్రువీకరణ పత్రాలు అడుగుతారు. ఎందుకు కావాలన్న ప్రశ్నకు క్లబ్ సభ్యత్వం, పోటీల్లో వచ్చిన స్కోర్లే మీ సమాధానం. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు 5 సంవత్సరాలు. సాధారణ వ్యక్తికి గరిష్ఠంగా రెండు తుపాకులే. గుర్తింపు పొందిన క్రీడాకారులకు విడిగా మినహాయింపులున్నాయి.

ఇంట్లో, దారిలో జాగ్రత్తలు

లైసెన్స్ అక్కర్లేదంటే బొమ్మ అని కాదు. 6 జౌళ్ల పెల్లెట్ కూడా కన్ను పోగొట్టగలదు. పిస్టల్‌ను తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లను వేరేచోట ఉంచండి. ఖాళీగా ఉందని తెలిసినా మనిషి వైపు గురిపెట్టొద్దు. బాల్కనీ, మేడపైన, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాధన చేయొద్దు. గట్టి ఉపరితలానికి తగిలిన గుండు వెనక్కి ఎగిరి వస్తుంది. రేంజ్‌లో కళ్లద్దాలు పెట్టుకోండి.

రేంజ్‌కు వెళ్లేటప్పుడు పిస్టల్‌ను మూసిన పెట్టెలోనే తీసుకెళ్లండి. బిల్లు, క్లబ్ గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. మెట్రోలో భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు, సొంత వాహనమే మేలు. విమానంలో క్యాబిన్‌లోకి అనుమతించరు. టికెట్ కొనే ముందే విమాన సంస్థతో మాట్లాడుకోండి.

ఇవన్నీ చూశాక కూడా రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతుంటే, రెండింటినీ రేంజ్‌లో అరగంట చొప్పున కాల్చి చూడండి. ఏది చేతిలో ఉన్నప్పుడు గుళ్లు ఒకేచోట గుంపుగా పడతాయో అదే మీ పిస్టల్. గుంపు మధ్యలో పడకపోయినా పర్వాలేదు, సైటు తిప్పి దాన్ని మధ్యకు తేవచ్చు.