బడి అయిపోయాక మా పాప సంగతేమిటి?

ఈమధ్య ఆనందపురం నుంచి ఒక తల్లి తన పదిహేనేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు వయస్సుకు తగిన మానసిక ఎదుగుదల లేదు. ప్రత్యేక పాఠశాలలో చదువుతోంది. జ్వరమూ కాదు, దగ్గూ కాదు. ఆవిడ బాధ వేరు.

“డాక్టరుగారూ, ఇంకో మూడేళ్ళలో బడి అయిపోతుంది. ఆ తర్వాత మా పాపని ఏం చెయ్యను? మేం పోయాక దీన్ని ఎవరు చూస్తారు?”

జవాబు చెప్పేముందు నేనూ కొన్ని ప్రశ్నలు వేశాను.

“జడ ఎవరు వేస్తారమ్మా?”

“నేనేనండి.”

“అన్నం?”

“నేనే కలిపి పెడతాను. తను కలిపితే సగం కింద పోస్తుంది.”

“వీధి చివర కొట్టుకి వెళ్ళి అగ్గిపెట్టె తెస్తుందా?”

“అమ్మో! ఒక్కదాన్నీ ఎలా పంపిస్తానండీ?”

ఆ తల్లి ప్రేమకు వంక పెట్టనక్కరలేదు. కాని పదిహేనేళ్ళుగా ఆవిడ చేతులు చేసిన పని పిల్ల చేతులకు రాలేదు. ‘మేం పోయాక’ అన్న దిగులుకు ఇవాళే మొదలుపెట్టదగిన మందు ఒకటుంది: పిల్ల చెయ్యగల పని పిల్లచేతనే చేయించడం. అదీ బడి మానిన రోజున కాదు, పద్నాలుగో ఏటినుంచే.

చివరి మెట్టు ముందు

ఎలా నేర్పాలి? ఆనందపురంలో పూల మార్కెట్టు ఉంది గనక మాల కట్టడమే తీసుకుందాం. పూలు జతచేయడం, దారం చుట్టడం, ముడి బిగించడం, మూర కొలవడం, దారం తెంపడం - ఇలా పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయండి. మొదట అన్నీ మీరే చేసి, దారం తెంపడం మాత్రం పిల్లకు వదలండి. అది వచ్చాక కొలవడమూ, తెంపడమూ. ఆ తర్వాత ముడి. ఇలా చివరినుంచి వెనక్కు వస్తే, ప్రతిసారీ పని పూర్తిచేసింది పిల్లే అవుతుంది. ‘నేను కట్టాను’ అన్న సంతోషం రేపటి పనికి బలం.

స్నానం, జడ, జాకెట్టు హుక్కులు, అన్నం కలుపుకోవడం అన్నీ ఇదే పద్ధతి. బస్సు ప్రయాణమూ అంతే. మొదట పక్కన కూర్చోండి. కొన్నాళ్ళకు రెండు సీట్లు వెనక కూర్చోండి. ఆపైన ఒకరు ఎక్కించి, మరొకరు దిగేచోట నిలబడండి. పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ జేబులో ఉండాలి. కొందరు పిల్లలు చివరి మెట్టుదాకా రాకపోవచ్చు. వచ్చినంత మేలే.

ఒంటి సంగతులు

నెలసరి గురించి అది రాకముందే చెప్పాలి. గుడ్డ మార్చుకోవడం చూపించాలి. ఒంటిమీద ఎవరు చెయ్యి వేయవచ్చు, ఎవరు వేయకూడదు, వేస్తే గట్టిగా ‘వద్దు’ అని, వెంటనే ఇంట్లో చెప్పడం - ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ నేర్పాలి.

మూర్ఛ మందులు ‘ఇప్పుడు బాగానే ఉంది గదా’ అని మీ అంతట మీరు ఆపవద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఏటేటా థైరాయిడ్ పరీక్ష అవసరం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఎత్తు పెరిగే వయస్సులో కండరాలు బిగుసుకుంటాయి గనక వ్యాయామాలు మానకూడదు.

బడి మానేసి ఇంట్లో కూర్చున్న పిల్ల హఠాత్తుగా మొండికేస్తే, తిండి మానేస్తే, పొగరు అనుకోకండి. పంటి నొప్పో, చెవి పోటో, దిగులో కావచ్చు. డాక్టరుకు చూపించండి. పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారేటప్పుడు జబ్బులు, మందుల మోతాదులు, పడని మందులు ఒక కాగితం మీద వ్రాసి తీసుకువెళ్ళండి.

పద్దెనిమిదేళ్ళు నిండేలోగా

సదరం ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు సిద్ధంగా ఉంచుకోండి. ధ్రువపత్రం తాత్కాలికమైతే గడువు చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. 2016 చట్టం ప్రకారం నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించాలి.

పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో మీ బిడ్డ మేజరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఈ ట్రస్టు ‘నిరామయ’ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. వృత్తి శిక్షణ విషయంలో సలహాకు సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది.

ఒక్కొక్కరి దారి ఒక్కొక్కటి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకు వెళ్ళి సాధించుకున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, ఎందరో వికలాంగులకు పని కల్పించారు. అందరూ అంతటివారు కానక్కరలేదు. రోజుకు పది మూరలు కట్టి, ఆ డబ్బు తన చేత్తో అందుకున్న పిల్ల కూడా తన కాళ్ళమీద నిలబడుతున్నట్టే.

ఆ తల్లికి ఇవన్నీ చెప్పి, మందుల చీటీ వ్రాసి పాప చేతికిచ్చాను, మడిచి సంచిలో పెట్టుకోమన్నాను. పాప నెమ్మదిగా మడవసాగింది. తల్లి చెయ్యి అలవాటు ప్రకారం ముందుకు వచ్చింది. మళ్ళీ తనే వెనక్కు తీసుకుంది. చీటీ సంచిలోకి వెళ్ళడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మిగతా వైద్యమంతా దాని తర్వాతే.