ఆధునిక హీబ్రూ కవిత: ప్రేమ, యుద్ధం, అనువాదం

అనువాదంలో కవిత్వం చదవడమంటే గాజుపలక వెనుక ఉన్న పూవును వాసన చూడబోవడం వంటిదని కొందరి అభిప్రాయం. అందులో నిజం లేకపోలేదు గాని, ఆ మాట తెలుగువారు అనదగినది కాదు. మన ఆదికావ్యమే అనువాదం. పదకొండవ శతాబ్దంలో నన్నయభట్టు వ్యాసభారతాన్ని తెనిగింప పూనుకొనకపోయినా, తరువాత తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు పదునైదు పర్వాలు రచింపకపోయినా మన సాహిత్యానికి ఈ స్వరూపం ఉండేది కాదు. కనుక పరభాషా కవిత్వం ఎంత దూరానిదైనా దానిని మన ఇంటి వాకిట నిలిపి మాట్లాడించడం మనకు వంశపారంపర్యంగా వచ్చిన విద్య. ఆ విద్యను ఆధునిక హీబ్రూ కవిత్వం ఎడల, ముఖ్యంగా ప్రేమనూ యుద్ధాన్నీ ఒకేచోట పలికించే కవితల ఎడల ఎట్లు వినియోగించవచ్చునో ఈ ప్రసంగంలో విచారింతాము.

హీబ్రూ కవిత్వం మనకు బొత్తిగా అపరిచితమని అనుకోవడం పొరపాటు. పందొమ్మిదవ శతాబ్దంలో బైబిలు తెలుగులోనికి వచ్చినప్పుడే దానితో పాటు రెండు గొప్ప హీబ్రూ కావ్యాలు మన భాషలో ప్రవేశించినవి. ఒకటి పరమగీతము, అది ఆద్యంతం ప్రేమ. రెండవది విలాపవాక్యములు, యెరూషలేము శత్రువుల పాలై దగ్ధమైనప్పటి శోకం. ఒకటి ప్రేమకు, ఒకటి యుద్ధానికి. తరువాతి హీబ్రూ కవులందరూ ఈ రెండు దీపాల వెలుతురులోనే వ్రాసుకొన్నారని చెప్పవచ్చును. ఆమేన్, హల్లెలూయా అనే మాటలను మన పల్లెటూళ్ళలో సైతం నిత్యం పలుకుతారు. అవి హీబ్రూ మాటలే. గుంటూరు సీమలో చేబ్రోలు వద్ద కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీము అనే తెలుగు సమాజం యూదాచారాలను పాటిస్తూ ఆ భాషను అభ్యసింప పూనుకొన్నది కూడ.

అయినా ఆధునిక హీబ్రూ వేరు. శతాబ్దాల పాటు ఆ భాష ప్రార్థనకు, శాస్త్రచర్చకు, లేఖలకు, కవిత్వానికి నిలిచినదే గాని, తల్లి బిడ్డను జోకొట్టే భాషగా నిలువలేదు. 1881లో యెరూషలేము చేరిన ఎలియెజెర్ బెన్ యెహూదా, ఆయన తరం వారు దానిని మరల ఇంటిభాషగా చేయ సంకల్పించినారు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు దాదాపు అదే కాలపువారు. కాని ఆ రెండు ఉద్యమాల దిశలు వేరు. ఇక్కడ నోటిలోని భాషను గ్రంథంలోనికి తీసికొని రావడం. అక్కడ గ్రంథంలోని భాషను నోటిలోనికి తీసికొని రావడం. ఫలితంగా ఆధునిక హీబ్రూ కవి సంతలో వాడే మాటకు వెనుక కూడ వేదవాక్యం వంటి ప్రాచీన ధ్వని ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. అనువాదంలో మొట్టమొదట జారిపోయేది ఆ ధ్వనియే.

అమీర్‌పేటలో భాష నేర్చుకొంటున్నామని యువకులెవరైనా అంటే, అది కంప్యూటరు భాష అని మనం గ్రహిస్తాము. కాని ఆ వీధులలో మరొక భాషాపాఠం ఉచితంగానే లభిస్తున్నది. అమీర్‌పేట నుండి పంజగుట్ట దాకా ఉన్న నామఫలకాలను చూడండి. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంటవి. హీబ్రూ కూడ ఉర్దూ వలెనే కుడి నుండి ఎడమకు సాగే లిపి, అక్షరాలు 22. హీబ్రూ, అరబ్బీ ఒకే కుదురు నుండి వచ్చిన భాషలు గనుక, అరబ్బీ మాటలను పుణికిపుచ్చుకొన్న ఉర్దూ తెలిసిన హైదరాబాదీకి హీబ్రూలో చుట్టరికాలు కనిపిస్తవి. మనం సలాము అంటే వారు షాలోమ్ అంటారు. దానికి శాంతి అని అర్థం. ఉర్దూలో రూహ్ అంటే ఆత్మ. హీబ్రూలో రూఅహ్ అంటే ఆత్మ, గాలి కూడ. కితాబు అనే మాటలోని హల్లులే హీబ్రూలోనూ వ్రాతకు మూలధాతువు.

ఒక శబ్దం రెండు భాషలలో రెండు అర్థాలు పలికే చమత్కారానికి పంజగుట్ట పరిసరాలలోనే నిదర్శనం ఉన్నది. ఖైరతాబాదుకు పోయే దారిలో ఫఖ్రుల్ ముల్క్ నవాబు కట్టించిన ఇర్రం మంజిల్ సౌధం కలదు. ఆ గుట్టకు తెలుగులో ఎర్రగుట్ట అనే అర్థంలో పేరు ఉండగా, పారసీకంలో ఇరమ్ అంటే స్వర్గోద్యానం గనుక, రెండూ కలిసివచ్చేటట్లు నవాబు ఆ పేరు పెట్టినాడని చెబుతారు. తెలుగు చెవికి ఎరుపు, పారసీకపు చెవికి స్వర్గం. ఈ పేరును మూడవ భాషలోనికి అనువదించవలసి వస్తే ఏదో ఒకటి విడువక తప్పదు. హీబ్రూ కవితను అనువదించేవాడు ప్రతి పంక్తిలోనూ ఇట్టి ఇర్రం మంజిల్ ఒకదానిని ఎదుర్కొంటాడు.

ఆ చిక్కులలో మూడింటిని మాత్రం చెబుతాను. మొదటిది లిపికి సంబంధించినది. హీబ్రూలో సాధారణంగా హల్లులనే వ్రాస్తారు. అచ్చులను చాలవరకు చదువరి పూరించుకోవలెను. ద, వ, ర అనే మూడు హల్లులను దావార్ అని చదివితే మాట లేక వస్తువు అని అర్థం. దెవెర్ అని చదివితే మహమ్మారి. కవితలను అచ్చు వేసేటప్పుడు తరచుగా అచ్చుల గుర్తులు చేర్చుతారు గాని, ఆ రెండవ అర్థపు నీడ కవికీ చదువరికీ తెలిసియే ఉంటుంది. గుణింతాలన్నీ విప్పి వ్రాసే మన లిపిలో ఆ నీడకు తావు లేదు.

రెండవది లింగభేదం. నిన్ను ప్రేమిస్తున్నాను అనే వాక్యాన్ని తెలుగులో ఎవరు ఎవరితో అన్నా రూపం మారదు. హీబ్రూలో పురుషుడు స్త్రీతో అంటే ఆని ఓహేవ్ ఓతాఖ్. స్త్రీ పురుషునితో అంటే ఆని ఓహేవెత్ ఓత్ఖా. పలికినవారు ఎవరో, విన్నవారు ఎవరో క్రియలోనే, సర్వనామంలోనే తెలిసిపోతుంది. ఆంగ్లంలో ఆ భేదం మాసిపోతుంది. మనలో అధిక సంఖ్యాకులు ఆంగ్లం ద్వారానే ఈ కవితలను చదువుతారు గనుక, తెలుగు చేసేవారు ఆ మాసిన జాడను వెదకి పట్టుకొని, సందర్భంలో ఏదో ఒక విధంగా సూచింపవలసి ఉంటుంది.

మూడవ చిక్కు మన వైపునది. నేటి హీబ్రూ కవితలో నీవు, మీరు అనే మర్యాదాభేదం లేదు. తెలుగువాడు దేవునితో నీవు అనవచ్చును, ప్రియురాలితో నీవు అనవచ్చును, తండ్రితో ఏమనవలెను? మృతుడైన పైఅధికారితో ఏమనవలెను? కవి నిర్ణయించని దూరాన్ని అనువాదకుడు నిర్ణయించవలసి వస్తున్నది. ఆ ఒక్క మాటతో కవిత స్వభావమే మారవచ్చును.

ఇక కవుల సంగతి. 1903లో కిషినేవ్ పట్టణంలో యూదులపై జరిగిన దారుణ హత్యాకాండను విచారించుటకు వెళ్ళిన హయిమ్ నహ్మాన్ బ్యాలిక్, తిరిగి వచ్చి వ్రాసిన దీర్ఘకవితతో హీబ్రూ కవిత్వంలో రక్తపు వాసన సోకిన ఆధునిక కాలం మొదలైనదని చెప్పవచ్చును. ఆ వెనుక రాహేలు అను పేరుతోనే ప్రసిద్ధురాలైన కవయిత్రి క్షయరోగంతో బాధపడుతూ, 1931లో మరణించే దాకా, చిన్న చిన్న మాటలతో ఎడబాటును పాడినారు. ఛందోబద్ధమైన గంభీరశైలిలో నాథాన్ ఆల్టర్‌మన్ 1938లో తొలి సంపుటం వెలువరించి, 1947 చివర యుద్ధంలో బలియైన యువతను గూర్చిన కవితతో జాతీయ కవి అనిపించుకొన్నారు.

ప్రేమకూ యుద్ధానికీ మధ్య వివాదం అసలు రగిలినది 1939 సెప్టెంబరులో. రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభమైన తొలి దినాలలోనే కవయిత్రి లేయా గోల్డ్‌బెర్గ్ ఒక వ్యాసం ప్రకటించినారు. యుద్ధగీతాలు వ్రాయడం తన పని కాదనీ, లోకం చంపుకొనుటలో మునిగిన కాలంలో ప్రేమను గూర్చి వ్రాయడం కవికి అనుమతి మాత్రమే గాక విధి అనీ ఆమె వాదం. ఇది పలాయనమని విమర్శించినవారు లేకపోలేదు. ఊరు తగులబడుతుంటే వెన్నెలను వర్ణించుట ధర్మమా అనే ఈ ప్రశ్న ప్రతి భాషలోనూ కవి ఎదుట నిలిచేదే.

ఈ ప్రశ్నకు మన ఆలంకారికులు వేయి సంవత్సరాల క్రిందటనే ఒక సమాధానం చెప్పినారు. స్త్రీపర్వంలో భూరిశ్రవుని భార్య, రణరంగంలో తెగిపడిన భర్త చేతిని ఒడిలో పెట్టుకొని, ఆ చేయి తనను లాలించిన రాత్రులను తలచుకొని విలపిస్తుంది. శృంగారం, కరుణం పరస్పర విరుద్ధ రసాలు గదా, ఇక్కడ దోషం కాదా అనే శంకకు తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన సమాధానం ఇది: శృంగార స్మృతి ఇక్కడ కరుణానికి అంగమై దానిని పోషిస్తున్నదే గాని చెరచుట లేదు. పోయినది ఎంతటిదో ప్రేమ ఒక్కటే చెప్పగలదు. తిలక్ వ్రాసిన సైనికుడి ఉత్తరం చదివిన తెలుగువారికి ఈ సూత్రం వేరుగా బోధింపనక్కరలేదు.

ఈ సూత్రానికి హీబ్రూలో గొప్ప ఉదాహరణం యెహూదా అమిహాయ్. ఆయన 1924లో జర్మనీలోని వ్యూర్జ్‌బుర్గ్‌లో జన్మించి, బాల్యంలోనే పాలస్తీనా చేరి, రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యంలోను, 1948 యుద్ధంలోను పనిచేసినారు. 1955లో మొదటి సంపుటం వెలువడినది. ఆయన ప్రేమకవితలలో సైనిక పరిభాష, యుద్ధకవితలలో పడకగది మాట కనిపిస్తవి. మృతుల కొరకు చదివే సంప్రదాయ ప్రార్థనలోని దేవుని దయాళుత్వాన్ని ఆయన ఒక కవితలో తలక్రిందులు చేసి, మృతదేహాలను మోసినవాడు ఆ దయను ఎట్లు నమ్మవలెనని ప్రశ్నించినారు. ఆ ప్రార్థన ఎరుగని మనకు అది వట్టి ఫిర్యాదుగా తోచును. భగవద్గీతలోని ప్రసిద్ధ వాక్యాన్ని శ్మశానంలో ఎవరైనా ఎదురుతిప్పి పలికితే మనకు కలిగే కంపం వంటిది దాని వెనుక ఉన్నది.

ఆంగ్ల కవి టెడ్ హ్యూస్‌కు హీబ్రూ రాదు. అయినను 1965లో డేనియల్ వైస్‌బోర్ట్‌తో కలిసి స్థాపించిన అనువాద కవితా పత్రిక తొలి సంచికలోనే ఆయన అమిహాయ్‌ను పరిచయం చేసినారు. 1977లో వెలువడిన ఆమేన్ అను సంపుటంలో, కవి స్వయంగా చేసుకొన్న ఆంగ్లరూపాన్ని హ్యూస్ మెరుగుపరచినారు. తరువాత ఖానా బ్లాక్, స్టీఫెన్ మిచెల్ వేరొక విధంగా అనువదించినారు. 1994లో ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతిని స్వీకరిస్తూ ప్రధాని రాబిన్ తన ప్రసంగంలో అమిహాయ్ పంక్తులను చదివినారు. యోధుడు శాంతిసభలో కవిని ఆశ్రయించుట గమనింపదగినది.

ఇచట ఒక సంకోచాన్ని దాచకుండా చెప్పుకోవలెను. ఆ భూమిపై యుద్ధం గతించిన కథ కాదు. 2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడిలోను, దాని వెంట గాజాలో జరిగిన యుద్ధంలోను ప్రాణాలు కోల్పోయినవారిని తలచుకొన్నప్పుడు, ఒక పక్షపు భాషలోని ప్రేమగీతాలను ఆస్వాదించుట ఆ పక్షాన చేరుటయే కాదా అని సహృదయుడు వెనుదీయవచ్చును. ఈ శంక న్యాయమైనది. దానికి సమాధానం చదవకుండుట కాదు, మరింత చదువుట. దాలియా రవికోవిచ్ 1982 లెబనాను యుద్ధం తరువాత తన రాజ్యాన్నే నిలదీసిన కవితలు వ్రాసినారు. పాలస్తీనా మహాకవి మహమూద్ దర్వీష్ బాల్యంలోనే హీబ్రూ నేర్చుకొన్నారు. ఆ భాషలోని కవిత్వాన్ని శ్రద్ధతో చదివినారు. ఒక యూదు యువతిపై ప్రేమను, నడుమ నిలిచిన తుపాకిని అరబ్బీలో పాడినారు. 2000లో దర్వీష్ కవితలను ఇజ్రాయేలు పాఠశాలలలో చేర్చవచ్చునని అక్కడి విద్యామంత్రి ప్రతిపాదిస్తే పెద్ద దుమారం లేచినది. కవిత్వానికి శక్తి లేదనేవారు ఆ దుమారాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవలెను.

కనుక ఈ కవిత్వాన్ని చదువదలచినవారికి కొన్ని సూచనలు. ఒక కవితకు రెండు అనువాదాలు దొరికితే రెండింటినీ ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదవండి; అవి విభేదించిన చోటనే మూలంలోని కష్టం, అందం కూడ దాగి ఉంటవి. మాట్లాడుతున్నది స్త్రీయా, పురుషుడా అని ప్రశ్నించుకోండి. అబ్రాహాము, ఇస్సాకు, సొలొమోను వంటి పేర్లు తగిలినప్పుడు తెలుగు బైబిలు తెరచి ఆ కథను చూడండి. అబ్రాహామును ఇబ్రాహీమని పిలిచి ఆయన త్యాగాన్ని బక్రీదునాడు స్మరించే ముస్లిము మిత్రుడు మీ వీధిలో ఉంటే ఆ కథను ఆయన నోట కూడ వినండి. ఒకే కథకు రెండు సంప్రదాయాలు ఎట్లు ఏర్పడినవో తెలియును. అమిహాయ్‌ను చదివిన సాయంత్రమే దర్వీష్‌ను కూడ చదవండి. చివరగా, నచ్చిన కవితను మీరే తెలుగు చేసి, పైకి చదివి చూడండి. నీవు అనవలెనా, మీరు అనవలెనా అని తడబడిన క్షణంలో, ఏ విమర్శగ్రంథమూ చెప్పనంత దగ్గరగా ఆ కవి మీకు తెలియును. శత్రువు ఇంటిలో కూడ ఒకరి రాక కొరకు ఒకరు దీపం పెట్టుకొని మేల్కొని ఉంటారని ప్రేమకవిత చెబుతుంది. ఆ సంగతి మరచిననాడే యుద్ధం సులభమవుతుంది.